గోస్తనికీ ఒక అంకె కావాలి: జలవనరుల శాఖకు, నాలుగు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ అధికారులకు, అల్లూరి సీతారామరాజు, విజయనగరం, విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు, మహా విశాఖ నగరపాలక సంస్థ నీటి సరఫరా విభాగానికి విశాఖపట్నం పౌరుడొకడు నమస్కరించి రాస్తున్న లేఖ ఇది. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లపాటు సివిల్ విద్యార్థులకు జలశాస్త్రం పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. తూర్పు కనుమల్లో పుట్టి మన జిల్లాల మీదుగా సముద్రంలో కలిసే గోస్తని, శారద వంటి చిన్న నదుల మట్టాన్నీ ప్రవాహాన్నీ కొలిచే పద్ధతి గురించి, ఆ కొలతను జనానికి చేర్చే పద్ధతి గురించి తమకు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఉందని వానాకాలంలో ఎవరినడిగినా చెప్పగలరు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరిందనీ, 2022 జూలైలో 71.3 అడుగులు దాకా వచ్చిందనీ అక్కడి వాళ్లు తిథులు చెప్పినట్టు చెబుతారు. ఈ అంకెలు ఇంజనీర్ల దగ్గరే ఉండిపోలేదు. స్నానఘట్టం మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే ఆమెకు కూడా 48 అంటే కొట్టు ఎత్తేయాలని తెలుసు. ఒక నది జనంతో మాట్లాడాలంటే ఇటువంటి అంకె ఒకటి ఉండాలి. మా గోస్తనికి అటువంటి అంకె లేదు. పద్మనాభం దగ్గరో భీమునిపట్నం దగ్గరో ఒడ్డున నిలబడ్డ మనిషిని గోస్తని ఎంత ఉందని అడిగితే, "బాగానే ఉంది" అనో "పొంగుతోంది" అనో చెబుతాడు తప్ప, ఎన్ని అడుగులుందో, ఎన్ని అడుగులైతే ఇల్లు వదలాలో చెప్పలేడు. శారద సంగతీ అంతే. శాఖ రిజిస్టర్లలో రాసే లెక్క ఒకటి, ఒడ్డున ఉన్నవాడు కంటితో చదవగల లెక్క మరొకటి. నేను అడుగుతున్నది ప్రధానంగా ఈ రెండో దాని గురించి.

గోదావరితో పోల్చడం సబబేనా అని తమకు అనిపించవచ్చు. నిజానికి పోలిక ఎదురు దిక్కుగా పనిచేస్తుంది. భద్రాచలంలో చూసిన వరద ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. ఆలోగా పశువుల్ని తోలుకోవచ్చు, ధాన్యం మేడ మీదికి చేర్చుకోవచ్చు. గోస్తని ఆ వ్యవధి ఇవ్వదు. మొత్తం పొడవే సుమారు 120 కిలోమీటర్లు. బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తాటిపూడి జలాశయం పూర్తి మట్టం 297 అడుగులు, అంటే 90 మీటర్లు. ఆ రెంటి మధ్యన నది అయిదు వందల మీటర్లకు పైగా కిందికి దూకుతుంది. అటువంటి వాలులో వరద రావడం, శిఖరానికి చేరడం, తీసిపోవడం అన్నీ కొన్ని గంటల్లో, తరచుగా ఒకే రాత్రిలో ముగుస్తాయి. పెద్ద నదికి అంకె ఎంత అవసరమో ఈ చిన్న నదికి అంతకంటే ఎక్కువ అవసరం కావడానికి కారణం ఇదే.

ఒక చిన్న లెక్క చూడండి. కొండ మీద 100 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో 10 సెంటీమీటర్ల వాన పడితే, కురిసిన నీరు కోటి ఘనపు మీటర్లు, అంటే 0.35 టీఎంసీ. అందులో సగం నేలలో ఇంకిపోయి, మిగిలిన సగం ఆరు గంటల్లో గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దిగిందనుకుంటే, సగటున ఎనిమిది వేల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. సగటు అంటున్నాను, శిఖర ప్రవాహం దానికి రెట్టింపు కావచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు అనంతగిరి, గాలికొండ వైపు ఒక రాత్రిలో 10 సెంటీమీటర్లు కురవడం అరుదైన సంగతేమీ కాదు. ఇప్పుడు ఉదయం 8 గంటలకు ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిలో నిలబెట్టిన కొలబద్దను, అంటే స్కేలును, చదివే పాత పద్ధతిని ఈ గెడ్డకు పెట్టి చూడండి. రాత్రి పది గంటలకు లేచిన వరద తెల్లవారుజామున నాలుగు గంటలకు తీసిపోతే రిజిస్టరులో ఆ వరద అసలు వచ్చినట్టే ఉండదు. మైదానపు నదుల కోసం పుట్టిన పద్ధతిని కొండ నదులకు అంటగట్టడం వల్ల వచ్చే నష్టం ఇది. కొండ దిగువన మట్టం కనీసం పావుగంటకొకసారి నమోదు కావాలి.

మా వృత్తిలో ఎవరికీ పాఠం చెప్పనక్కరలేని సంగతి ఒకటి విద్యార్థులతో ఉండగా నాకే పాఠమైంది. చాలా ఏళ్ల క్రితం, కార్తీకానికి ముందు రోజుల్లో, అనంతగిరి మండలంలోని ఒక గెడ్డ మీద తేలుడు పద్ధతిలో వేగం కొలవడానికి పన్నెండు మంది పిల్లల్ని తీసుకువెళ్లాను. ఒడ్డు వెంబడి ముప్ఫై మీటర్లు టేపుతో కొలిచి, బత్తాయి పండు నీళ్లలో వదిలి, అది ఆ దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వాచీ చూసి రాసుకుంటున్నాం. పైభాగపు వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం దాదాపుగా వస్తుందని పుస్తకంలో ఉన్న సంగతిని పిల్లలు చేతులారా చూసుకుంటున్నారు. ఆకాశం నిర్మలంగా ఉంది. అవతలి గట్టున పశువులు కాస్తున్న పెద్దాయన కేకవేసి, బయటికి రండి రండి అని చెయ్యి ఊపాడు. నాకు అర్థం కాలేదు. నీటి వంక చూపించాడు. అప్పటిదాకా తేటగా ఉన్న నీటిలో సన్నని ఎర్ర జీర కనబడుతోంది, దాని వెంట నురగ, ఎండుటాకులు. మేం గట్టెక్కిన పావుగంటకు, మేం టేపు పరిచిన రాళ్లు మునిగిపోయాయి. ఎక్కడో పైన, మా కంటికి కనిపించని కొండ వెనక వాన పడింది. "ముందు ఎర్ర నీరొస్తుంది బాబూ, తర్వాత గెడ్డ వస్తుంది" అన్నాడాయన. బడిలో నేను నేర్పిన ఏ పరికరానికీ ఆ రోజు అంత చూపు లేదు.

ఆ పెద్దాయన లాంటివాళ్లను కొలత వ్యవస్థలోకి తీసుకురండి అనేది నా మొదటి విన్నపం. కొండ మీద ప్రతి ముఖ్యమైన గెడ్డ దగ్గరా ఆ ఊరి మనిషినొకరిని గేజి రీడరుగా పెట్టి, గౌరవప్రదమైన భృతి ఇచ్చి, వానాకాలంలో గంటకొకసారి మట్టం చదివి ఫోనులో చెప్పే బాధ్యత అప్పగించండి. దీనికి యంత్రం పోటీ కాదు. వంతెన కిందికి వేలాడదీసే రాడార్ సెన్సారు నీటిని తాకకుండానే మట్టం కొలుస్తుంది కనుక కొట్టుకువచ్చే దుంగలకు చెడిపోదు. సౌరపలక, బ్యాటరీ ఉంటే చాలు. అయితే కొండ లోయల్లో మొబైల్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి, సెల్ నెట్‌వర్కు మీద ఆధారపడే యంత్రాలు సరిగ్గా అవసరమైన రాత్రే మూగబోతాయి. ఉపగ్రహం ద్వారా పంపే ఏర్పాటు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత విశాఖలో ఫోన్లు ఎన్నాళ్లు పలకలేదో తమకు గుర్తుండే ఉంటుంది. నగరంలోనే ఆ పరిస్థితి అయితే అనంతగిరి సంగతి చెప్పాలా? యంత్రం మూగబోయినప్పుడు మనిషి చెప్పాలి, మనిషి నిద్రపోయినప్పుడు యంత్రం చెప్పాలి. యంత్రాన్ని అమర్చడానికి టెండరు పిలిచి, దాని మీద సాలెగూడు దులపడానికి మనిషిని పెట్టకపోవడం మన దేశంలో ఎన్నోచోట్ల జరిగింది, ఇక్కడ జరగకూడదు.

డబ్బు లేదనే మాట వస్తుందని తెలుసు కనుక చౌక ఉపాయం ఒకటి చెబుతాను. రెండంగుళాల గొట్టంలో కొలత గుర్తులున్న కర్ర నిలబెట్టి, అడుగున గుప్పెడు బిరడా పొడి పోసి, గొట్టానికి కింద చిల్లులు పెట్టి వంతెన స్తంభానికి బిగిస్తే, వరదతో పాటు పొడి పైకి తేలి, నీరు తీసినప్పుడు శిఖర మట్టం దగ్గర కర్రకు అంటుకుపోతుంది. మర్నాడు తీసి చూస్తే రాత్రి ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది. ప్రపంచమంతటా వాడే పద్ధతి ఇది, ఖర్చు వందల్లో ఉంటుంది. ముందస్తు హెచ్చరికకు ఇది పనికిరాదు. ఏ మట్టానికి ఏ వీధి మునుగుతుందో తేల్చుకోవడానికి పనికొస్తుంది. రెండు మూడు వానాకాలాలు ఇలా రాసుకుంటే గోస్తనికి మొదటి హెచ్చరిక ఎక్కడ పెట్టాలో, రెండోది ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి ఆధారం దొరుకుతుంది. రైల్వేవాళ్లు తమ వంతెన స్తంభాల మీద ప్రమాద మట్టాన్ని గీసి ఉంచుతారు. అది చూసి పట్టాల వెంట కాపలా తిరిగే పెట్రోల్‌మన్ రైలును ఆపగలడు. రోడ్డు వంతెన మీద నడిచే మనిషి ప్రాణానికి కూడా అలాంటి గీత ఒకటి ఉండాలి గదా.

మట్టం తెలిసినంతమాత్రాన ప్రవాహం తెలియదు. ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చూపుతూ ఈ రెండింటినీ కలిపే గీతను, అంటే రేటింగ్ కర్వును, ఒకసారి గీసి పదేళ్లు వాడుకోవడం ఇసుక కదిలే నదుల్లో పెద్ద పొరపాటు. గోస్తనిలోనూ శారదలోనూ ఇసుక తవ్వకాలు ఎంతగా సాగాయో వేరే చెప్పనక్కరలేదు. నది అడుగుభాగం రెండడుగులు కుంగితే, స్కేలు మీద అదే అంకె ఉన్నా కింద పారే నీరు వేరు. కాబట్టి వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, పెద్ద వరద వెళ్లిన ప్రతిసారీ నది అడ్డుకోతను, అంటే ఒడ్డు నుంచి ఒడ్డుకు లోతుల రూపాన్ని, మళ్లీ కొలిచి, నీటి వేగం కొలిచే కరెంట్ మీటరుతో వేగం తీసి కర్వును సరిచేయాలి. స్కేలు సున్నా ఎక్కడుందో దగ్గరలోని రాతి మీద చెరగని గుర్తు పెట్టాలి. స్కేలు కొట్టుకుపోయి కొత్తది బిగించినప్పుడు ఆ గుర్తు లేకపోతే అంతవరకు రాసిన లెక్కంతా కొత్త లెక్కతో కలవదు. చూడటానికి చిన్న పని, చేయకపోతే పదేళ్ల రికార్డు వృథా.

ఇక జలాశయాల మట్టాలు. మేఘాద్రిగెడ్డ పూర్తి మట్టం 61 అడుగులని రాస్తారు, తాటిపూడిది 297 అడుగులని, తాండవది 380 అడుగులని రాస్తారు. రైవాడకు వచ్చేసరికి 114 మీటర్లు, కోనాంకు 101.25 మీటర్లు. ఒకే పత్రికలో ఒకే పేరా లోపల అడుగులూ మీటర్లూ పక్కపక్కనే కనిపిస్తే, చోడవరంలో కూర్చుని చదివే రైతు దేన్ని దేనితో పోల్చుకుంటాడు? దీనికి తోడు ఇవన్నీ సముద్రమట్టం నుంచి లెక్కగట్టినవి. నిండుకుండకు ఇంకా ఎన్ని అడుగులు వెలితి ఉందో, గంటకు ఎంత చొప్పున ఎక్కుతోందో, గేట్లు ఎత్తితే దిగువన ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీరు చేరుతుందో చెబితే ఎవరికైనా పనికొస్తుంది. 297లో 294 అంటే జనానికి ఏమీ తెలియదు. మూడడుగుల వెలితి, గంటకు అరడుగు చొప్పున ఎక్కుతోంది అంటే ఆరు గంటల వ్యవధి ఉందని పదో తరగతి పిల్ల కూడా లెక్క చెబుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. రబీ కోసం, నగరపు తాగునీటి కోసం జలాశయాలను అప్పటికే నింపి ఉంచుతాం. తుపానులు వచ్చేదీ అప్పుడే. పైనుంచి ఎంత వస్తోందో ఆరు గంటల ముందు తెలిస్తే గేట్లు కొద్దికొద్దిగా ముందే ఎత్తవచ్చు. తెలియకపోతే చివరి నిమిషంలో ఒక్కసారిగా ఎత్తక తప్పదు. 2005లో విమానాశ్రయం నీట మునిగిన సంగతి ఈ నగరం మరచిపోలేదు.

ఇంత చెప్పాక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో, అది అల్లూరి సీతారామరాజు జిల్లా. తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో. అక్కడి నుంచి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చి, అల్లూరి పుట్టిన పాండ్రంగిని తాకి, పద్మనాభం పక్కనుంచి వెళ్లి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించిన తర్వాత ఈ చిన్న నదికి ముగ్గురు కలెక్టర్లు. శారద ఎగువ భాగం ఒక జిల్లాలో, దిగువ భాగం అనకాపల్లి జిల్లాలో, దాని మీది రైవాడ నీళ్లు తాగేది విశాఖ నగరం. వాన పడేది ఒకరి జిల్లాలో, గేటు ఎత్తేది మరొకరి జిల్లాలో, మునిగేది ఇంకొకరి జిల్లాలో. ఎవరి కంట్రోల్ రూమ్ వాళ్లకు ఉంది. నదికి కంట్రోల్ రూమ్ లేదు. వానాకాలం ఆరు నెలలైనా గోస్తనికి ఒకటి, శారదకు ఒకటి చొప్పున, జిల్లా హద్దులతో నిమిత్తం లేకుండా కొండ మొదలుకొని సముద్రం దాకా ఒకే అధికారి కింద పనిచేసే చిన్న విభాగం కావాలని నా రెండో విన్నపం. నలుగురైదుగురు మనుషులు చాలు. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ మేఘాన్ని చూస్తుంది, వాతావరణ శాఖ సూచన ఇస్తుంది, గేజి రీడరు గెడ్డను చూస్తాడు. ఈ ముగ్గురి మాటనూ ఒక బల్ల మీదికి చేర్చి, పాండ్రంగి సర్పంచికి నేరుగా ఫోను చేసే అధికారం ఆ విభాగానికి ఉండాలి.

చిన్న వాగే కదా అని వదిలేస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఆ అంకెను రాష్ట్రమంతా గంటగంటకూ వింది. సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది మాత్రం బుడమేరు. దాని మట్టం ఎంతో ఆ ఇళ్లవాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థం చేసుకోవడానికి వాళ్లకు అలవాటైన అంకె లేదు. హిమాలయాల్లో, సిక్కింలో, 2023 అక్టోబరులో దక్షిణ లోనక్ అనే మంచు సరస్సు గట్టు తెగి తీస్తా నది చుంగ్‌థాంగ్ ఆనకట్టనే ఊడ్చుకుపోయింది. మన కొండల్లో మంచు సరస్సులు లేవు, ఆ భయం మనకు లేదు. అయితే నిటారు లోయలో పైన జరిగినది కింద తెలిసేసరికి ఎంత ఆలస్యమవుతుందో ఆ రాత్రి చూపించింది. మరోవైపు కేరళను చూడండి. మీనచ్చిల్ నది వెంట బడిపిల్లలూ ఊరివాళ్లూ స్వయంగా వానమాపకాలు, వంతెనల మీద స్కేళ్లు పెట్టుకుని లెక్క రాస్తున్నారు. వయనాడులో ఒక చిన్న అధ్యయన కేంద్రం రైతుల పెరళ్లలో పెట్టిన వానమాపకాల ఆధారంగా, 2024 జూలై 30న కొండచరియలు విరిగిపడిన విపత్తుకు ముందు రోజే హెచ్చరించింది. హెచ్చరిక అందినా కదలిక లేకపోవడం వేరే విషాదం; లెక్క మాత్రం సరైనదే. అరకు, అనంతగిరి ఆశ్రమ పాఠశాలల్లో ఒక్కో వానమాపకం, వాకిట్లోని గెడ్డకు ఒక్కో స్కేలు పెట్టడానికి మనకు అడ్డేమిటి?

వరదల గురించే రాసి వేసవిని మరిచిపోతే సగం మాటే చెప్పినట్టు. విశాఖ నగరం తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ నీళ్లు తాగుతోంది. ఆ జలాశయాలకు వేసవిలో చేరే కొద్దిపాటి నీరు కొండల మీది ఊటలది. ఊటల నీటిని కొలవడం చాలా తేలిక. 90 డిగ్రీల వి ఆకారపు గండి ఉన్న రేకును గెడ్డకు అడ్డంగా నిలబెట్టి, గండిలో నీరు ఎంత ఎత్తున పారుతోందో చూస్తే చాలు. 10 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, రోజుకు 3.8 లక్షల లీటర్లు. ఇటువంటి రేకులు నూరు చోట్ల పెట్టి మార్చి నుంచి జూన్ దాకా వారానికొకసారి రాసుకుంటే ఏ ఊట ఏటేటా తగ్గుతోందో, ఏ కొండ మీద చెట్టు పోయాక ఏ గెడ్డ ఎండిందో తేటతెల్లమవుతుంది. అనంతగిరి మండలంలో పెదకోట, శారద మీద రైవాడ పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే) ప్రతిపాదనల మీద అనుకూలంగానో ప్రతికూలంగానో మాట్లాడే ముందు ఏ నెలలో ఏ గెడ్డలో ఎంత నీరుందన్న లెక్క బల్ల మీద ఉండాలి. అనుమతులిచ్చాక కొలతలు మొదలుపెడితే ప్రాజెక్టుకు ముందు గెడ్డ ఎలా ఉండేదో ఎప్పటికీ తెలియదు.

కొలిచిన లెక్కను దాచుకోవద్దు. ఏ గెడ్డలో ఏ గంటకు ఎంత మట్టమో, పాత రిజిస్టర్లతో సహా, తెలుగులో, అందరూ చూడగలిగేలా పెట్టండి. తప్పులుంటే ఉండనివ్వండి, మావంటివాళ్లు చూసి చెబుతాం.

నైరుతి రాకముందు, అంటే జూన్ మొదటి వారంలోగా, బొర్రా దిగువన, తాటిపూడి ఎగువన, పాండ్రంగి దగ్గర, భీమిలి వంతెన దగ్గర నాలుగు స్కేళ్లు రంగులు వేసి నిలబెట్టండి. శారద మీద దేవరాపల్లి, అనకాపల్లి దగ్గర మరో రెండు. హెచ్చరిక మట్టాలు మొదటి ఏడాది తాత్కాలికంగా, ఊరి పెద్దల జ్ఞాపకాల ఆధారంగానే పెట్టండి, తర్వాత సవరించుకోవచ్చు. పూర్వం విద్యార్థులతో అనంతగిరి గెడ్డల మీద తీసిన కొలతలు మూడు నోటుపుస్తకాలు నా దగ్గర ఉన్నాయి; కొన్ని పుటలు తడిసి అలుక్కుపోయినా తేదీలు, మట్టాలు చదవడానికి వస్తాయి. తమ కార్యాలయం నుంచి ఎవరైనా వస్తే అవి అప్పగించి, ఏ కొలత ఏ బండ దగ్గర తీశామో గెడ్డ దగ్గరికి వచ్చి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం